పురుగును చంపు సూక్ష్మజీవి

1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిరైతులు పడిన పాట్లు పెద్దలకు గుర్తుండును. పచ్చపురుగు మందులకు అలవాటుపడెను, తెల్లదోమ విజృంభించెను. ఎన్నిమార్లు చల్లినను పైరు దక్కలేదు. అప్పులపాలై ప్రాణములు తీసికొన్నవారును గలరు.

పురుగులకును రోగములు గలవు. పట్టుపురుగులను చంపు ఒక బాక్టీరియాను 1901లో జపానుదేశమున ఇషివాటా కనుగొనెను. 1911లో బెర్లినర్ జర్మనీలోని తురింజియా సీమలో పిండిపురుగునుండి దానిని వేఱుచేసెను. ఆ సీమ పేరిటనే దానిని బాసిల్లస్ తురింజియెన్సిస్, క్లుప్తముగా బి.టి., అందురు.

వేటపాలెము చుట్టుప్రక్కల ప్రత్తి, మిరప పెట్టు రైతులు దీని తీరు నెఱుంగవలయును. పురుగు ఆకుతోపాటు తినిననే ఇది పనిచేయును. ప్రేగు చెడి పురుగు మొదట మేత మానును, కొలది దినములకు చచ్చును. మఱునాడే చావలేదని వేఱుమందు కొట్టరాదు. ఎండకు దీని బలము తగ్గును గనుక, పిల్లపురుగులు కనబడగనే సాయంకాలము ఆకులు తడియునట్లు చల్లవలయును. కాయలో దూరిన పురుగునకు అందదు. రసము పీల్చు తెల్లదోమకు పనిచేయదు. మల్బరీ తోటల దాపున చల్లరాదు.

మిరపనారు కుళ్ళకుండుటకు సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అను మఱొక బాక్టీరియా గలదు. కిలో విత్తనమునకు 10 గ్రాముల పొడి పట్టించవలయును.

2002 నుండి బి.టి. గుణముగల ప్రత్తివిత్తనములు వచ్చినవి. గులాబిరంగు పురుగు దానికిని అలవాటుపడెను. కావున సోదరులారా, ఒక్క మందునే నమ్మి కూర్చుండక, దినదినము చేను చూచుకొనుడు.