నెత్తురు చెప్పే మూడు నెలల లెక్క

ఖర్కయీ నదికి ఒక ఒడ్డున జంషెడ్‌పూర్ ఉక్కు నగరం, మరొక ఒడ్డున ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడ. మోటారు వాహనాల విడిభాగాలు తయారుచేసే ఇచ్చటి కర్మాగారాలలో ఆదివాసులు, బెంగాలీలు, ఒడియావారు, బీహారువారు, తరతరాల క్రితం ఉక్కు పనికై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల వారు పక్కపక్కనే పని చేస్తుంటారు. వారి భాషలు వేరు, భోజనం వేరు. అయితే ఈ భేదాలను వేటినీ పాటించని వ్యాధి రెండవ రకం మధుమేహం. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి, 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నదని అంచనా వేసింది.

రాత్రి షిఫ్టులో పనిచేసే ఒక కార్మికుని ఊహించుకొందాం. రక్త పరీక్షకు రెండు రోజుల ముందు అతడు తీపి మానివేసి, అన్నం తగ్గిస్తాడు. పరగడుపు పరీక్షలో చక్కెర అదుపులో ఉన్నట్లు కనబడుతుంది. మర్నాటి నుండి మళ్లీ పాత అలవాటే. ఆ పరీక్ష అబద్ధమాడలేదు. ఆ క్షణపు స్థితిని మాత్రమే చెప్పింది. గడచిన నెలల సంగతి తెలియాలంటే వేరొక సాక్షి కావాలి. ఆ సాక్షియే గ్లైకేటెడ్ హిమోగ్లోబిన్, అనగా ఎ1సి.

రక్తంలోని గ్లూకోజు ఎర్ర కణాలలోని హిమోగ్లోబిన్‌కు మెల్లమెల్లగా అంటుకొంటుంది. అలా అంటిన చక్కెర ఆ కణం నశించేవరకు దాదాపు వీడదు. ఎర్ర కణం ఆయుష్షు సుమారు 120 రోజులు. కనుక హిమోగ్లోబిన్‌లో ఎంత శాతానికి చక్కెర అంటినదో కొలిస్తే రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. ఇందులో చివరి నెల ప్రభావమే దాదాపు సగం. ఎ1సి 6 శాతమైతే సగటు గ్లూకోజు డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు. 7 శాతమైతే 154. 8 శాతమైతే 183. ఈ పరీక్షకు ఉపవాసం అక్కరలేదు. పెక్కుమందికి 7 శాతం లోపు ఉండటం లక్ష్యం. వృద్ధులకు, ఇతర వ్యాధులున్నవారికి వైద్యులు కొంత సడలింపు ఇస్తారు.

మధుమేహ రోగుల రక్తంలో ఈ మార్పును 1968లో టెహరాన్‌లో శామ్యూల్ రహబర్ గుర్తించారు. చక్కెరను అదుపులో ఉంచితే కన్నులకు, మూత్రపిండాలకు కలిగే హాని తగ్గుతుందని 1998లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ దీర్ఘకాల పరిశోధన నిరూపించింది. 6.5 శాతాన్ని వ్యాధి నిర్ధారణ ప్రమాణంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో అంగీకరించింది.

అయితే ఈ సాక్షి మాట ఎర్ర కణం ఆయుష్షుపై ఆధారపడి ఉన్నదని మరువరాదు. ఇనుము లోపంవల్ల కలిగిన రక్తహీనతలో ఎ1సి ఉన్నదానికన్న ఎక్కువగా కనబడవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏండ్ల మహిళలలో నూటికి 57 మంది రక్తహీనులు. ఝార్ఖండ్‌లో ఈ సంఖ్య 65. ఇక సికిల్ సెల్ వ్యాధి, జి6పిడి లోపం వంటి వాటిలో ఎర్ర కణాలు త్వరగా నశించి, ఎ1సి తక్కువగా కనబడవచ్చు. సికిల్ సెల్ లోపం ఝార్ఖండ్, ఒడిశా ఆదివాసులలోనే కాక మన ఆంధ్ర ఏజెన్సీ ప్రాంతాలలోనూ ఉంది. ఇట్టి తక్కువ అంకె మరింత ప్రమాదకరం. రోగి నిశ్చింతగా ఉండగా లోపల కన్ను, మూత్రపిండం చెడిపోతూ ఉంటాయి. ఇటీవల రక్తం ఎక్కించుకొన్నవారి ఫలితాన్ని కూడా నమ్మరాదు.

అట్టి వారికి వేరే కొలమానాలున్నాయి. రక్తంలోని ప్రోటీన్లకు అంటిన చక్కెరను కొలిచే ఫ్రక్టోసమీన్, గ్లైకేటెడ్ ఆల్బుమిన్ పరీక్షలు రెండు మూడు వారాల స్థితిని తెలుపుతాయి. మూత్రంలో ప్రోటీన్ అధికంగా పోయేవారిలో ఇవి కూడా తప్పుదారి పట్టించగలవు. ఇవి అన్నిచోట్లా లభించవు. అప్పుడు ఇంట్లోనే గ్లూకోమీటరుతో పరగడుపున, భోజనానంతరం పలుమార్లు చూసి వ్రాసుకొన్న అంకెలే ఆధారం.

కనుక చీటీలోని అంకెతో పాటు తనకు రక్తహీనత ఉన్నదా, ఇంట్లో ఎవరికైనా వంశపారంపర్య రక్త దోషం ఉన్నదా అనే సంగతి వైద్యునికి చెప్పాలి. మీటరు అంకెలకూ ఎ1సికీ పొంతన కుదరకపోతే కారణం అడగాలి. మందులు మాత్రం సొంతంగా మార్చరాదు. ఒకే యంత్రం చెంత పనిచేసే ఇద్దరి చీటీలలో 7 శాతమే ఉండవచ్చు. కాని ఇద్దరి నెత్తురూ ఒకటి కానప్పుడు ఆ అంకెకు అర్థం కూడా ఒకటి కాదు.