ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కొత్త ఫీచర్‌కు డబ్బులిచ్చేదెవరు?

2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాత్వియా సినిమా ‘ఫ్లో’ను బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌తో తీశారు. శని, ఆదివారాల్లో మన పిల్లలు ల్యాప్‌టాప్‌లో వేసుకుని బొమ్మలు కదిలించేదీ అదే బ్లెండర్. పైసా కట్టక్కర్లేదు. మరి దాన్ని తయారుచేసేవాళ్లకు జీతాలెలా?

2002లో బ్లెండర్‌ను నడిపిన నెదర్లాండ్స్ కంపెనీ మూతపడింది. లక్ష యూరోలిస్తే సోర్స్ కోడ్‌ను అందరికీ వదిలేస్తామని పెట్టుబడిదారులు ఒప్పుకున్నారు. దాని సృష్టికర్త టోన్ రోజెండాల్ వాడేవాళ్లనే అడిగారు. ఏడు వారాల్లో సొమ్ము పోగైంది! ఇప్పుడు మామూలు వ్యక్తులు, పెద్ద కంపెనీలు ఇచ్చే చందాలతో అక్కడ డెవలపర్లు పనిచేస్తున్నారు.

ఫలానా ఫీచర్ కోసమే చందా అడిగేవాళ్లూ ఉన్నారు. బొమ్మలు వేసే ‘క్రీటా’ బృందం 2016లో టెక్స్ట్, వెక్టర్ టూల్స్ కోసం కిక్‌స్టార్టర్‌లో 30,000 యూరోలు అడిగితే అంతకుమించే వచ్చాయి. ఆ టూల్స్ చేతికందింది మాత్రం 2018 మార్చిలో, 4.0 వెర్షన్‌తో. ఊళ్లో ఇల్లు కట్టించినవాళ్లకు ఈ ఆలస్యం కొత్తేమీ కాదు. పైగా ఫీచర్ వచ్చాకా పని ఉంటుంది. కొత్త విండోస్ వస్తే సరిచూడాలి, బగ్‌లు తీయాలి. ఆ చాకిరీకి ప్రత్యేకంగా చందా ఇచ్చేవాళ్లు అరుదు. అందుకే ఒక్కసారి పెద్ద మొత్తం ఇవ్వడం కన్నా నెలనెలా ఐదు డాలర్లు ఇవ్వడమే మేలనిపిస్తుంది.

ఇందులో తెలుగుకేంటి అంటారా? ఫోన్‌లో ఒత్తులు, గుణింతాలు సరిగ్గా అమరుతున్నాయంటే హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ చలవే. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రె ఆఫీస్ అన్నీ దాన్నే వాడతాయి. మండలి, రామభద్ర, సురవరం వంటి ఫాంట్లను అమెరికాలోని సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. తెలుగు స్పెల్‌చెకర్ లాంటివాటికి పెద్ద మార్కెట్ ఉండదు కాబట్టి కంపెనీలు తొందరపడవు. సంక్రాంతి సంబరాలకు చందా వేసుకునే మనమే దీనికీ వేసుకోవాలి.

ఎవరినైనా పెట్టి ఫీచర్ రాయించాలనుకుంటే ముందు ఆ ప్రాజెక్టు నిర్వాహకులతో మాట్లాడండి. వాళ్లు ఆ కోడ్‌ను తీసుకోకపోతే డబ్బు వృథా. అమెరికాలో చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చిన విరాళానికి సమానంగా తామూ ఇస్తాయి. గ్నోమ్ ఫౌండేషన్ లాంటివి అక్కడే లాభాపేక్ష లేని సంస్థలుగా నమోదయ్యాయి. మీరు ఇవ్వాలనుకున్న సంస్థకు ఆ వీలుందో లేదో ఆఫీసులో హెచ్‌ఆర్‌ను అడగండి.