మనసు వైద్యుణ్ణి రుజువు అడగవచ్చా?

ఘోర ప్రమాదం నుంచి బయటపడిన మనిషి చేత జరిగినదంతా ఒక్కసారి చెప్పిస్తే గుండెల్లో బరువు దిగిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. మానసిక వైద్యులకూ అలాగే అనిపించింది. బాధితుణ్ణి వెంటనే కూర్చోబెట్టి సంఘటనను పూసగుచ్చినట్లు చెప్పించే ఈ పద్ధతి పేరు ‘డీబ్రీఫింగ్’. 1980ల నుంచి పలు దేశాల్లో అది వ్యాపించింది.

బ్రిటన్‌లో జొనాథన్ బిసన్ బృందం దీన్ని పరీక్షించింది. కాలిన గాయాలపాలైన 133 మందిని చీటీలు తీసిన పద్ధతిలో రెండు జట్లు చేసి, ఒక జట్టుకే డీబ్రీఫింగ్ ఇచ్చారు. పదమూడు నెలల తర్వాత చూస్తే, సంఘటన పీడకలై వెంటాడే జబ్బు ఆ జట్టులో నూటికి 26 మందికి, రెండో జట్టులో 9 మందికే ఉంది. 1997లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. మొదటి జట్టువారి గాయాలు ముందునుంచే కాస్త తీవ్రమైనవి కనుక తప్పంతా చికిత్సదే అనలేం. మేలు మాత్రం కనబడలేదు. 2005లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు దీన్ని అందరికీ అలవాటుగా చేయవద్దన్నాయి.

మరి అన్నేళ్లు నమ్మినవారు మోసగాళ్లా? కానే కాదు. బాధితుల్లో చాలామంది కాలం గడిచేకొద్దీ తమంతట తామే కోలుకుంటారు. ఆ ఘనత వైద్యుడు తన పద్ధతికి జమ కట్టుకుంటాడు. బాగుపడక మానేసినవాడు మళ్లీ ఆయన కంటపడడు. 2012లో వెలువడిన ఒక అమెరికా సర్వేలో 129 మంది మానసిక చికిత్సకుల్లో తాను సగటు కంటే తక్కువ అన్నవారు ఒక్కరూ లేరు!

పరిశోధనల మీద చికిత్సకులకు ఒక అభ్యంతరం ఉంది. ‘కాగితం మీది చికిత్స వేరు, నా ఎదుట కూర్చున్న మనిషి వేరు’ అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. అయితే గోవాలో విక్రమ్ పటేల్ బృందం మామూలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే ఈ పరీక్ష చేసింది. వైద్యం చదవని స్థానికులకు శిక్షణ ఇచ్చి, తీవ్రమైన దిగులు జబ్బు ఉన్నవారితో కొన్ని విడతలు మాట్లాడించారు. 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మూడు నెలలకు వారిలో నూటికి 64 మందికి జబ్బు లక్షణాలు తగ్గాయి. ఈ సాయం అందని జట్టులో 39 మందికే తగ్గాయి.

ఇలా పోల్చి చూడడం కొత్తేమీ కాదు. వెయ్యేళ్ల నాటి హకీం జకరియా అర్‌రాజీ మెదడు వాపు లక్షణాలున్నవారిలో కొందరికి నెత్తురు తీయించి, కొందరికి కావాలనే తీయించకుండా ఉంచి, తేడా చూశానని రాసుకున్నారు.

మన ఇళ్లలో కౌన్సెలర్ దగ్గరకు వెళ్లడమే గగనం. వెళ్లాక ప్రశ్నిస్తే అమర్యాద అవుతుందేమోనని బిడియం. ఫీజు కట్టే ముందు మూడు మాటలు అడగండి: ఈ పద్ధతి పేరేమిటి? మా అమ్మాయిలాంటివారి మీద పరీక్షించి చూశారా? ఎన్ని వారాల్లో మార్పు కనబడాలి, కనబడకపోతే ఏం చేస్తారు? పని తెలిసిన కౌన్సెలర్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. కాగితం తీసి, అమ్మాయి నిద్ర, తిండి, చదువు ఈ వారం ఎలా ఉన్నాయో రాసుకుని, నెల తర్వాత పక్కన పెట్టి చూద్దాం అంటాడు.