కాలు తీసేస్తేనే ప్రాణం దక్కుతుందా?

తొడలో నిమ్మకాయంత గడ్డ. నొప్పి లేదు. ‘కొవ్వు గడ్డేలే’ అనుకుంటూ ఏడాది గడిచిపోతుంది. తీరా అది సార్కోమా అని, అంటే కండరం, కొవ్వు వంటి మెత్తటి కణజాలంలో పుట్టే క్యాన్సర్ అని తేలాక భయం మొదలవుతుంది. ఆ భయం వెంటే అపోహలూ వస్తాయి. పెద్దవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో ఇది దాదాపు నూటికి ఒకటి. అరుదైన జబ్బు కాబట్టి దీని గురించి సరైన మాట చెవిన పడటమూ అరుదే.

అపోహ: చెయ్యో కాలో తీసేస్తేనే బతుకుతారు.

వాస్తవం: అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఈ సంగతిని నేరుగా పరీక్షించి చూసింది. 16 మందికి అవయవం తొలగించారు. మరో 27 మందికి అవయవాన్ని ఉంచి, గడ్డ తీసి, రేడియేషన్ ఇచ్చారు. 1982లో వెలువడిన ఫలితాల ప్రకారం ఐదేళ్ల మనుగడ మొదటి వారిలో 88 శాతం, రెండో వారిలో 83 శాతం. గణాంకాల లెక్కన ఇది తేడా కిందికి రాదు. రెండో వారిలో నలుగురికి అదే చోట గడ్డ తిరగబెట్టినా మొత్తం మనుగడ చెప్పుకోదగినంతగా తగ్గలేదు. అందుకే ఇప్పుడు ఎక్కువమందికి అవయవం నిలుస్తోంది. గడ్డ తీశాక పనికొచ్చే అవయవం మిగలదనుకున్నప్పుడే తొలగించడం గురించి ఆలోచిస్తారు.

అపోహ: రేడియేషన్ తీసుకుంటే ఇక ప్రాణభయం లేనట్టే.

వాస్తవం: రేడియేషన్ ముఖ్యంగా గడ్డ అదే చోట మళ్లీ రాకుండా చూస్తుంది. 141 మందితో చేసి 1998లో ప్రచురించిన పరీక్షలో గడ్డ తిరగబెట్టడం బాగా తగ్గింది కానీ మొత్తం మనుగడలో తేడా కనిపించలేదు. ఈ జబ్బులో ప్రాణాన్ని ఎక్కువగా బలిగొనేది ఊపిరితిత్తులకు పాకిన క్యాన్సర్. కాలికి ఇచ్చిన కిరణాలు అక్కడికి చేరవు. అందుకే ఛాతీకి సీటీ స్కాన్ తప్పనిసరి. అలాగని రేడియేషన్ దండగ కాదు. నడిచే కాలును నిలిపేది, రెండో ఆపరేషన్ ముప్పు తగ్గించేది అదే. చిన్నగా, పైపైన ఉన్న గడ్డను అంచుల్లో ఏమీ మిగలకుండా తీయగలిగితే కొందరికి దాని అవసరమే ఉండకపోవచ్చు.

అపోహ: ఆపరేషన్ తర్వాతే రేడియేషన్ ఇవ్వాలి.

వాస్తవం: ముందూ ఇవ్వొచ్చు, తర్వాతా ఇవ్వొచ్చు. 2002లో వెలువడిన కెనడా పరీక్షలో ముందు ఇచ్చినవారికి 25 సిట్టింగుల్లో 50 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత), తర్వాత ఇచ్చినవారికి 33 సిట్టింగుల్లో 66 గ్రేలు ఇచ్చారు. గాయం మానడంలో ఇబ్బందులు ముందు ఇచ్చినవారిలో 35 శాతం, తర్వాత ఇచ్చినవారిలో 17 శాతం. అయితే ఆపరేషన్ తర్వాత ఇస్తే డోసు పెరుగుతుంది, కిరణాలు పడే మేరా పెరుగుతుంది. దాంతో కాలు బిగుసుకుపోవడం వంటివి ముందుముందు ఎక్కువ. గడ్డ ఎక్కడుందో చూసి డాక్టర్లు నిర్ణయిస్తారు.

అపోహ: ‘కరెంటు’ (రేడియేషన్) పెడితే ఒళ్లంతా కాలుతుంది, ఇంట్లో పిల్లలకూ ప్రమాదం.

వాస్తవం: చర్మం మీద గుర్తులు పెట్టి, రోజూ కాలిని ఒకే భంగిమలో ఉంచి, కొద్ది నిమిషాలు కిరణాలు ఇస్తారు. నొప్పి తెలియదు. కాలు చుట్టూరా కిరణాలు పడకుండా పొడవునా ఒక పట్టీలాగా కొంత భాగం వదిలేస్తారు. శోషరసం (లింఫ్) అటుగా ప్రవహిస్తే కాలు వాయడం తగ్గుతుంది. బయటి యంత్రంతో ఇచ్చే ఈ చికిత్స తర్వాత ఒంట్లో రేడియేషన్ మిగలదు. ఇంటికెళ్లి మనవణ్ని నిశ్చింతగా ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు.

అపోహ: ముక్క పరీక్ష చేస్తే పాకుతుంది, ముందే కోసి తీసేయిస్తే మంచిది.

వాస్తవం: అసలు ముప్పు తొందరపడి కోయించుకోవడంలోనే ఉంది. ఏమిటో తెలియకుండా తీస్తే క్యాన్సర్ కణాలు మిగిలిపోయి, మళ్లీ పెద్ద ఆపరేషన్ అవసరం పడొచ్చు. ముందు ఎమ్మారై, ఆ తర్వాత సర్జన్ కోత వేయబోయే దారిలోనే సూదితో ముక్క తీయడం, ఇదీ సరైన వరుస.

ఐదు సెంటీమీటర్లు దాటిన గడ్డ, లోతుగా ఉన్న గడ్డ, పెరుగుతున్న గడ్డ: వీటిలో ఏది కనిపించినా నొప్పి కోసం ఎదురుచూడకండి. కత్తి తాకకముందే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లండి.