ఫొటో చిక్కితేనే దరఖాస్తు దక్కేది!

బ్యాంకు ఉద్యోగం దరఖాస్తుకు ఆ రోజే ఆఖరు. మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ అడవుల్లోని ఓ తండా నుంచి డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయి పొద్దున్నే బస్సెక్కి పట్నం చేరుకుంది. నెట్ సెంటర్లో వరస. పేరు, ఊరు, మార్కులు... అన్నీ నింపారు. ఫొటో దగ్గరకొచ్చేసరికి కంప్యూటర్ మొరాయించింది. ‘‘ఫొటో పెద్దగుందట చెల్లె, తీస్కుంటలేదు’’ అన్నాడు సెంటర్ నడిపే కుర్రాడు. ‘‘మొన్ననే దిగిన్నన్నా, మంచిగనే ఉంది గదా!’’ అందా అమ్మాయి. ఫొటో బాగానే ఉంది. దాని బరువుతోనే వచ్చింది చిక్కంతా!

ఇది ఏ ఒక్కరి కథో కాదు. జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో నోటిఫికేషన్ పడ్డప్పుడల్లా మీసేవ, నెట్ సెంటర్ల ముందు కనిపించే దృశ్యమే. 2016 అక్టోబరు 11న ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరాఫీసు దగ్గరికొచ్చింది. కానీ ఉద్యోగాలు, ప్రవేశ పరీక్షలు, స్కాలర్‌షిప్పుల దరఖాస్తులు మాత్రం కాగితాన్ని వదిలి ఆన్‌లైన్‌కి వెళ్లిపోయాయి. ఒకప్పుడు స్టూడియోలో ఫొటో దిగి, వెనక జిగురు రాసి అతికిస్తే పనైపోయేది. ఇప్పుడా జిగురు స్థానంలోకి ‘కేబీ’లొచ్చాయి. నిజానికి ఈ పని ఇంట్లో ఎవరైనా అయిదు నిమిషాల్లో నేర్చుకోవచ్చు.

ఏమిటీ కేబీల గోల?

డిజిటల్ ఫొటో అంటే రంగు చుక్కల ముగ్గు. ఆ చుక్కలే పిక్సెళ్లు. 12 మెగాపిక్సెళ్ల ఫోన్‌తో తీసిన ఫొటోలో అడ్డంగా 4000, నిలువుగా 3000... మొత్తం కోటీ 20 లక్షల చుక్కలుంటాయి. అలాంటి ఫొటో ఫైలు సాధారణంగా మూడు నాలుగు ఎంబీలు తూగుతుంది. ఒక ఎంబీ అంటే 1024 కేబీలు.

మరి దరఖాస్తు అడిగేదెంత? బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు జరిపే ఐబీపీఎస్ సంగతే చూడండి. ఫొటో 200 పిక్సెళ్ల వెడల్పు, 230 ఎత్తు ఉండి, 20 నుంచి 50 కేబీల మధ్య తూగాలంటుంది. అంటే మొత్తం 46 వేల చుక్కలే! ఫోన్ ఇచ్చినదాంట్లో 260వ వంతు. సంతకం ఇంకా చిన్నది... 140 వెడల్పు, 60 ఎత్తు, 10 నుంచి 20 కేబీలు. ఎడమ బొటనవేలి ముద్రకూ, చేత్తో రాసిన డిక్లరేషన్‌కూ మళ్లీ వేరే లెక్కలు.

లక్షల మంది పంపే ఫొటోలను దాచాలి, హాల్‌టికెట్లపై అచ్చు వేయాలి. అందుకే ఈ హద్దులు. ఫొటో మరీ చిన్నదైతే పరీక్ష కేంద్రంలో ముఖం పోల్చుకోలేరు కాబట్టి కనీస హద్దు కూడా పెట్టారు. హద్దులు ఒక్కో పరీక్షకు ఒక్కోలా ఉంటాయి, ఏటా మారొచ్చు కూడా. కాబట్టి పోయినేడాది లెక్కతో కాకుండా ఈ ఏటి నోటిఫికేషన్ చూసుకోవడమే మేలు.

పొల్లు పోయి గింజ మిగిలితే...

ఫొటో బరువు తగ్గించే దారులు రెండు. ఒకటి చుక్కల సంఖ్య తగ్గించడం, రెండోది ఉన్న చుక్కలనే కుదించి రాయడం. రెండోదాని వెనక మనవాళ్ల చేయి ఉంది!

బెంగళూరులో పుట్టి అమెరికాలో ప్రొఫెసరైన నసీర్ అహ్మద్ 1972లో ఓ గణిత పద్ధతిని ప్రతిపాదించారు. దానిపై పరిశోధనకు నిధులివ్వమని అక్కడి జాతీయ సైన్స్ సంస్థను అడిగితే దక్కలేదు. ఆలోచన మరీ తేలికగా ఉందన్నారట ఓ పరిశీలకుడు! ఆయన ఊరుకోలేదు. టి.నటరాజన్, కె.ఆర్.రావులతో కలిసి 1974లో దాన్ని ప్రచురించారు. ఈ కె.ఆర్.రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, టెక్సాస్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు. 2021లో కన్నుమూశారు.

వాళ్లు చూపిన దారిలోనే 1992లో జేపీఈజీ ప్రమాణం వచ్చింది. మనం ‘జేపీజీ’ అనేది దాన్నే. అది ఫొటోను 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తున్న చిన్న గళ్లుగా విడదీస్తుంది. ఒక్కో గడిలో మన కంటికి పెద్దగా ఆనని సన్నటి తేడాలను వదిలేసి, ముఖ్యమైనవే ఉంచుతుంది. చేటతో చెరిగితే పొల్లు పోయి గింజ మిగిలినట్టన్నమాట. మరీ గట్టిగా చెరిగితే గింజలూ ఎగిరిపోతాయి. అప్పుడే ఫొటోలో ముఖం గళ్లుగళ్లుగా కనిపిస్తుంది.

అందుకే సూత్రం ఒక్కటే... ముందు చుక్కలు తగ్గించాలి, ఆ తర్వాతే కుదింపు జోలికెళ్లాలి.

పెయింట్ ఉంటే చాలు

దీనికి ప్రత్యేక సాఫ్ట్‌వేర్లు కొనక్కర్లేదు. విండోస్ కంప్యూటర్లో పిల్లలు బొమ్మలు గీసుకునే ‘పెయింట్’ సరిపోతుంది.

1. ముందుగా అసలు ఫొటోను కాపీ చేసి పక్కన పెట్టుకోండి. కాపీమీదే పని చేయాలి.

2. కాపీని పెయింట్‌లో తెరిచి ‘సెలెక్ట్’తో ముఖం, భుజాలు వచ్చేలా గీసి ‘క్రాప్’ నొక్కండి. అనవసరమైన గోడ, కుర్చీ పోతాయి.

3. ‘రీసైజ్’ నొక్కి ‘పిక్సెల్స్’ ఎంచుకోండి. వెడల్పు, ఎత్తు ఒకే నిష్పత్తిలో మారేలా ‘మెయింటెయిన్ యాస్పెక్ట్ రేషియో’ దగ్గర టిక్ ఉంచి, వెడల్పు 200 ఇవ్వండి.

4. ఎత్తు 230 కంటే ఎక్కువొస్తే కింద చొక్కా భాగాన్ని కత్తిరించండి. మూడున్నర సెంటీమీటర్ల వెడల్పు, నాలుగున్నర ఎత్తుండే పాస్‌పోర్ట్ ఫొటోకు 257 వస్తుంది. ఆ 27 తీసేస్తే లెక్క సరి.

5. ‘సేవ్ యాజ్’లో జేపీఈజీ ఎంచుకుని దాచండి. ఫైలు మీద మౌస్ ఉంచితే ఎన్ని కేబీలో కనిపిస్తుంది.

కేబీలు ఇంకా అటూ ఇటూ అయితే విండోస్‌లోనే ఉండే ‘ఫొటోస్’ చూడండి. అందులోని ‘రీసైజ్ ఇమేజ్’లో నాణ్యతను పెంచే, తగ్గించే మీట ఉంటుంది. కొన్ని ఫోన్ల గ్యాలరీల్లోనూ క్రాప్‌తో పాటు రీసైజ్ ఉంటుంది.

సంతకానిదీ ఇదే దారి. తెల్లకాగితం మీద నల్ల ఇంకుతో సంతకం చేసి, మంచి వెలుతురులో నీడ పడకుండా ఫొటో తీసి, చుట్టూ ఖాళీ కత్తిరించాలి. సంతకం అన్నీ పెద్ద అక్షరాల్లో ఉంటే ఐబీపీఎస్ ఒప్పుకోదని గుర్తుంచుకోండి.

ఈ పొరపాట్లు వద్దు

* టిక్ తీసేసి 200, 230 అంకెలు బలవంతంగా పెడితే ముఖం సాగిపోతుంది. పరీక్ష హాల్లో ‘ఇది నువ్వేనా?’ అనే ప్రశ్న ఎదురుకావచ్చు.

* ఒకసారి చిన్నది చేసిన ఫొటోను మళ్లీ పెద్దది చేస్తే పోయిన వివరాలు తిరిగి రావు, మసక మాత్రం వస్తుంది. అసలు ఫొటో నుంచే మళ్లీ మొదలుపెట్టాలి.

* ఫైలు పేరు చివర ‘జేపీజీ’ అని మార్చినంత మాత్రాన స్క్రీన్‌షాట్ జేపీజీ కాదు. పెయింట్‌లో తెరిచి ఆ రూపంలో సేవ్ చేయాలి.

* వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో దానంతటదే చిక్కిపోతుంది. నెట్ సెంటర్‌కు పంపేటప్పుడు ‘డాక్యుమెంట్’గా పంపితే అసలు నాణ్యత నిలుస్తుంది.

* ఉచితంగా సైజు తగ్గిస్తామనే ఊరూపేరూ తెలియని వెబ్‌సైట్లలో సంతకం, వేలిముద్ర, ఆధార్ పెట్టకండి. నెట్ సెంటర్లో పని కాగానే మీ ఫైళ్లను, రీసైకిల్ బిన్‌లో ఉన్నవాటిని కూడా తీసేయించండి.

ఈ విద్య దరఖాస్తులకే కాదు, వ్యాపారానికీ అక్కరకొస్తుంది. జనగామ దగ్గరి పెంబర్తి ఇత్తడి నగిషీకి దేశమంతటా పేరుంది. అలాంటి వస్తువును ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాలంటే నాలుగు ఎంబీల ఫొటో తెరుచుకునేలోపే సిగ్నల్ సరిగా లేని కొనుగోలుదారు విసుగెత్తి వెళ్లిపోతాడు. అలాగని 200 పిక్సెళ్లకు తగ్గిస్తే నగిషీ పనితనమే కనిపించదు. వెడల్పు 1000 నుంచి 1500 పిక్సెళ్లు ఉంచితే రెండూ నెగ్గుతాయి.

ఈ ఆదివారం ఇంట్లో ఒక్క పని చేయండి. దరఖాస్తుల ఈడొచ్చిన పిల్లల ఫొటో, సంతకం సిద్ధంచేసి, అసలువీ తగ్గించినవీ ఒకే ఫోల్డర్లో దాచండి. నోటిఫికేషన్ వచ్చినప్పుడు కొలతలు సరిచూసుకుంటే చాలు. అప్పుడు ఆఖరి రోజు, ఆఖరి బస్సు ముంచుకొస్తున్న వేళ, ‘ఫొటో తీస్కుంటలేదు’ అన్న మాట ఆ తండా అమ్మాయిలాంటి ఎవరి చెవినా పడదు!