చలి త్రాగెడి పెట్రోలు

ఉత్తర అమెరికాలోని మినియాపొలిస్, షికాగో, డెట్రాయిట్ వంటి నగరములలో కాపురమున్న తెలుగువారు జనవరి మాసము వచ్చునప్పటికి, వేసవిలో తమ కారు ఇచ్చిన మైలేజీ ఇప్పుడు రాకుండుట గమనించి, ఇంజనులో ఏదో లోపము పుట్టినదని శంకించి మెకానిక్కు వద్దకు పోవుట కద్దు. కారు అదే, నడుపువారు వారే, దారియు నదే. మారినది ఋతువు మాత్రమే. అమెరికా ఇంధనశాఖవారి లెక్క ప్రకారము, 25 డిగ్రీల సెంటిగ్రేడు ఉష్ణోగ్రతలో నడచినప్పటికంటె, సున్నకు 7 డిగ్రీలు దిగువనున్న చలిలో నగరవీథులలో నడచునప్పుడు సాధారణమైన పెట్రోలు కారు మైలేజీ సుమారు 15 శాతము తగ్గును. ఐదారు కిలోమీటర్లకు మించని పొట్టి ప్రయాణములలో ఈ తగ్గుదల 24 శాతము వరకు పోగలదు.

ఈ రెండంకెలకును నడుమనున్న భేదమును కొంచెము నిదానించి చూడవలెను. చలి యంతట నొకటే యైనను, దగ్గరి దారికి నష్టమేల హెచ్చవలెను? ఏలయన, ఆ నష్టములో అధికభాగము కారు ఎంతదూరము పోయినదను దానిని బట్టి గాక, చల్లారిన ఇంజను ఎన్ని పర్యాయములు క్రొత్తగా బయలుదేరవలసి వచ్చినదను దానిని బట్టి యేర్పడుచున్నది.

ఇంజను చుట్టును తిరుగు కూలెంటు 90 డిగ్రీల చేరువకు వచ్చినప్పుడు గాని కారు ఇంజను తన పూర్తి సామర్థ్యముతో పనిచేయదు. హైదరాబాదులో 30 డిగ్రీల ఉదయమున బయలుదేరిన కారు ఆ స్థితికి చేరుటకు 60 డిగ్రీలు వేడెక్కిన చాలును. మినియాపొలిస్‌లో సున్నకు 10 డిగ్రీల దిగువన రాత్రియంతయు ఆరుబయట నిలిచిన కారు పూర్తిగా 100 డిగ్రీలు వేడెక్కవలెను. ఆ లోహమంతయు, ఆ కూలెంటంతయు, ఆ నూనెయంతయు వేడెక్కువరకు సిలిండరు గోడలు చల్లగా నుండుటచే, మండిన వాయువుల శక్తిలో పిస్టనును త్రోయుటకు వినియోగపడవలసిన దానిలో కొంత ఆ గోడలే హరించుచుండును.

అంతకంటె పెద్దది నూనె సంగతి. ధనుర్మాసపు తెల్లవారుజామున గిన్నెలో పేరిన నెయ్యి గరిటెకు లొంగనట్లే, చలిలో ఇంజనునూనె చిక్కబడి, తాను జారుడు కల్పింపవలసిన భాగముల కదలికకు తానే అడ్డుపడును. సాధారణమైన 5డబ్ల్యు-30 రకపు నూనె 100 డిగ్రీల వద్ద నున్నదానికంటె 40 డిగ్రీల వద్దనే సుమారు ఆరు రెట్లు చిక్కగా నుండును. సున్న దాటి దిగువకు పోయినప్పుడు ఈ చిక్కదనము పదుల రెట్లు పెరుగును. ఆ పేరులోని ‘డబ్ల్యు’ అను అక్షరము శీతకాలమును సూచించునదియే. పైగా నూనె కూలెంటుకంటె ఆలస్యముగా వేడెక్కును. గేరుపెట్టెలోని నూనె, చక్రముల బేరింగులలోని గ్రీజు మరింత మందగతిని వేడెక్కును. కావున ముందరి పలకమీద వేడిమి ముల్లు నడిమికి వచ్చినంతమాత్రమున బండియంతయు వేడెక్కినదని తలంపరాదు.

ఇక పెట్రోలు స్వభావము. పెట్రోలు ద్రవరూపమున మండదు. ఆవిరియై గాలితో కలిసినప్పుడే మండును. చల్లని ఇంజనులో చల్లబడిన పెట్రోలు కొంతభాగమే ఆవిరి యగుటయు, తక్కినది గోడలకు అంటుకొనుటయు జరుగుచుండును గనుక, మండుటకు వలసిన ఆవిరి సమకూరుటకై అవసరమునకు మించిన పెట్రోలును లోపలికి పంపక తప్పదు. పూర్వము అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు నడిపినవారు చలి ఉదయములందు చోక్ లాగి స్టార్టు చేసినది ఈ కారణముచేతనే. నేటి కార్లలో ఆ పనిని కంప్యూటరు మౌనముగా చేయుచున్నది; చోక్ బొత్తాము కనుమరుగైనదే గాని అదనపు వ్యయము తొలగిపోలేదు.

ఇచ్చట ఒక దురభ్యాసమును గూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. చలిదేశములలో పలువురు, ఇంటిలోనుండియే రిమోటుతో కారును స్టార్టుచేసి, అది పది పదిహేను నిమిషములు నిలిచినచోటనే వేడెక్కిన పిమ్మట బయలుదేరుదురు. కార్బ్యురేటరు కాలమున, వెంటనే కదిలించిన కారు దారిలో ఆగిపోవు భయముండుటచే, ఈ యలవాటునకు అర్థముండెను. ఇప్పటి ఇంజనులకు అర నిమిషము చాలును; నిలిచియున్న కారు నెమ్మదిగాను, మెల్లగా నడచుచున్న కారు త్వరితముగాను వేడెక్కును. అద్దముమీది మంచు కరగి దారి స్పష్టముగా కనబడువరకు ఆగుట ప్రాణరక్షణకు అవసరము, దానిని కాదనరాదు. అంతకు మించి నిలిపిన ప్రతి నిమిషమును సున్న మైలేజీయే.

ఇంజను వేడెక్కిన తరువాతను చలి పూర్తిగా విడువదు. సున్నకు 7 డిగ్రీల దిగువనున్న గాలి, 25 డిగ్రీల గాలికంటె దాదాపు 12 శాతము సాంద్రమైనది. హైవేమీద వేగముగా పోవు కారు ఆ గాలిని చీల్చుకొని పోవుటకు అంతమేర ఎక్కువ శ్రమపడవలెను. టైర్లలోని గాలి కుంచించుకొనును: వెచ్చని దినమున చదరపు అంగుళమునకు 32 పౌండ్లు నింపిన టైరు, ఆ చలిలో 27 పౌండ్లకు దిగజారును. రబ్బరు బిగిసి, దొర్లుటకు మరింత శక్తిని కోరును. తుదకు పెట్రోలే మారును. చలిలో సులభముగా ఆవిరి యగుటకై శీతకాలమున దానిలో బ్యూటేను పాలు హెచ్చింతురు, దానివలన లీటరుకు లభించు శక్తి స్వల్పముగా తగ్గును.

హైబ్రిడ్ కార్ల నష్టము మరింత హెచ్చు. అదే ఇంధనశాఖ లెక్కలో అది 30 శాతమునకు పైబడినది. విద్యుత్ కార్లకు, వేడిమిని వృథాచేయు ఇంజను లేకపోవుటయే ఇచ్చట ఇబ్బంది యైనది. పెట్రోలు కారులో మనకు వెచ్చదన మిచ్చునది ఇంజను ఎట్లును పారవేయు వేడిమియే; విద్యుత్ కారు ఆ వెచ్చదనమును సైతము బ్యాటరీనుండి కొనవలెను. ఛార్జరుకు తగిలించియున్నప్పుడే లోపలిభాగమును వెచ్చచేసికొని బయలుదేరుట వారికి మేలు.

ఇంజనును ముందుగానే వేడిచేయు ఉపాయము పెట్రోలు కార్లకును కలదు. ఉత్తర డకోటా రాష్ట్రమున గ్రాండ్ ఫోర్క్స్ వాసియైన ఆండ్రూ ఫ్రీమన్ 1940ల దశకమున ఇంజనుకు అమర్చదగిన విద్యుత్ హీటరును నిర్మించెను. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ నగరమున కార్లు నిలుపు స్థలములలో విద్యుత్ ప్లగ్గులు కానవచ్చుట ఈ హీటర్ల కొరకే.

మన దేశమున లదాఖ్‌లో సమస్య వేరొక రూపమును దాల్చును. అచ్చటి చలికి డీజిలులోని మైనము గడ్డకట్టి గొట్టములను మూసివేయుటచే బండి బయలుదేరుటయే దుర్లభమగుచుండెను. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ సున్నకు 33 డిగ్రీల దిగువవరకు పారగల శీతకాలపు డీజిలును అచ్చట ప్రవేశపెట్టినది. ఆంధ్ర, తెలంగాణ మైదానములలో ఇంతటి చలి లేదు. అయినను కూరగాయల కొకసారి, పిల్లలను బడిలో దింపుట కొకసారి, మందుల కొకసారి ఇంజను చల్లారిన తరువాత కారు తీయు ఇంటిలో, తక్కువ మోతాదులోనే యైనను, ఇదే నష్టము ఏడాది పొడవునను జరుగుచుండును. ఆ మూడు పనులను ఒక్క పర్యాయమే పెట్టుకొన్నచో, దుకాణము ముందు పావుగంట ఆగిన ఇంజనులో వేడిమి చాలవరకు మిగిలియుండును, రెండవమారు కదలునప్పుడు దానికి అదనపు పెట్రోలు అంతగా అక్కరలేదు.