ఎనిమిదడుగుల కిటికీ

అక్టోబరులో ఏదో ఒక సాయంత్రం ఫోన్ టింగుమంటుంది. రాత్రికి ఫ్రాస్ట్ పడుతుందని హెచ్చరిక. పొయ్యి మీది పప్పు పొయ్యి మీదే వదిలేసి, షికాగో శివార్లలో మా వీధిలో ఉన్న నాలుగు తెలుగిళ్ల వెనక తలుపులూ ఒకేసారి తెరుచుకుంటాయి. ఒకరు ఫోన్ వెలుతురు చంకలో ఇరికించుకుని, ఇంకొకరు స్వెటర్ మీద కొంగు బిగించి కుండీలు లోపలికి మోస్తుంటారు. ముందు కరివేపాకు. తర్వాత తులసి, మల్లె. వాటి వెనక మందారం, నందివర్ధనం, తమలపాకు తీగ, నిమ్మ, కలబంద. ఆఖర్న, ఇది మనదేనా అని చీకట్లో అనుమానం వచ్చే కుండీలు రెండు మూడు.

మర్నాడు పొద్దున్న మావారు కాఫీ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడే తాగారు. డైనింగ్ టేబుల్ మందారానిది. సోఫా చేతి మీద కలబంద. మెట్ల మీద మెట్టుకో కుండీ. లెక్కపెడితే ఇరవై మూడు తేలాయి.

ఇల్లు చిన్నదేం కాదు, 2400 చదరపు అడుగులు. కానీ మొక్కలు వచ్చేసరికే అది నిండి ఉంది. ఇండియా నుంచి వచ్చిన సూట్‌కేసులు ఒకదాని కడుపులో ఒకటి. ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తాలు, అవి ఖాళీ అయ్యాక ‘దేనికైనా పనికొస్తాయని’ మడతపెట్టిన సంచులు. బొమ్మల కొలువు పెట్టెలు ఆరు. పిల్లల సైన్సు ప్రాజెక్టుల మూడు మడతల అట్టలు, అగ్నిపర్వతం ఒకటి, సౌర కుటుంబం ఒకటి. ఇక పెరుగు డబ్బాల సంగతి ఏ తెలుగింటికీ చెప్పక్కర్లేదు. బట్టలు ఆరేసుకోవడానికి ఒక ట్రెడ్‌మిల్ కూడా ఉంది.

ఈ సామానుకీ మొక్కలకీ ఒక తేడా ఉంది. సామాను ఎక్కడ పడేస్తే అక్కడ పడుంటుంది. మొక్కకు కావాల్సింది చదరపు అడుగులు కాదు, కిటికీ. మా ఇంట్లో దక్షిణం వైపు ఉన్నది ఒక్కటే, పెరట్లోకి తెరుచుకునే అద్దాల తలుపు. వెడల్పు ఎనిమిదడుగులు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మొక్కల లెక్కలో మా ఇల్లంటే ఆ ఎనిమిదడుగులే. తతిమ్మాదంతా గోడౌన్.

ఆకు లెక్క వేరు

డిసెంబరు మూడోవారంలో షికాగోలో పగలు తొమ్మిది గంటలకు కాస్త పైన. అదే రోజు హైదరాబాదులో పదకొండు గంటలు. రెండు గంటలే కదా అనిపిస్తుంది కానీ, అసలు తేడా ఎండ వాలులో ఉంది. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం హైదరాబాదు సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తున ఉంటే, ఇక్కడ పాతిక డిగ్రీలు కూడా ఎక్కడు. దక్షిణం కిటికీలోంచి ఏటవాలుగా గదిలోకి బాగానే వస్తాడు, మబ్బు లేని రోజున. మబ్బు లేని రోజు దొరకాలి కదా.

కిటికీకి ఆరడుగుల దూరంలో కుర్చీ వేసుకుని నేను హాయిగా పుస్తకం చదువుకోగలను. అక్కడే పెట్టిన మల్లె మాత్రం మూడు వారాల్లో తీగలా సాగిపోయి, ఆకుకీ ఆకుకీ మధ్య జానెడు ఎడం పెంచుకుంది. మన కన్ను ఎంత వెలుగుకైనా సర్దుకుంటుంది. ఆకు సర్దుకోదు. అద్దం నుంచి ఒక్కో అడుగు లోపలికి జరిగినకొద్దీ దాని భోజనం తగ్గుతూ ఉంటుంది.

పైగా ఫర్నేస్. బయటి చలిగాలిలో తేమ ఎటూ తక్కువే. దాన్నే లోపలికి తెచ్చి వేడి చేస్తే గొంతు ఆరిపోయేంత పొడిగాలి. దుప్పటి దులిపితే నిప్పురవ్వలు కనిపించే ఇల్లు కరివేపాకుకు ఎలా నచ్చుతుంది? నచ్చేది ఎర్రనల్లికి. ఆకు అడుగున సన్నటి సాలెగూడు కనిపించిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. దాని వెంటే పొలుసు పురుగు, పిండినల్లి, తెల్లదోమ. శనివారం తలంటి మొక్కలకే: ఒక్కోదాన్నీ బాత్‌టబ్‌లో నిలబెట్టి షవరు కింద ఆకుల అడుగు కడిగి, సబ్బునీళ్లలో వేపనూనె కలిపి కొడతాను. సోమవారం దాకా ఇల్లు వేపచెట్టు కింది అరుగులా ఉంటుంది. చుట్టాలెవరైనా వచ్చి ముక్కు ఎగబీలిస్తే, ‘పండక్కి శుద్ధి చేశాం’ అంటాను.

ఇంకో మాట. కరివేపాకుకు పుల్లమజ్జిగ పోయడం మన ఊళ్లలో పెరటి వైద్యం. పెరట్లో అది వైద్యమే కావచ్చు. మూసిన తలుపుల ఇంట్లో, కార్పెట్ మీద, జనవరిలో పోసి చూడండి. మొదటి ఏడాది నేను పోశాను. వాసన సరే, కుండీ మట్టిలోంచి లేచిన చిన్న చిన్న నుసుములు నెలరోజులు మా పప్పన్నంలో పడ్డాయి.

శీతాకాలంలో కరివేపాకు ఆకు రాల్చడం చచ్చిపోవడం కాదు, నిద్రపోవడం. ఈ ముక్క తెలియక జనం చేసే పని, ఆకు పసుపెక్కగానే నీళ్లు పోయడం. ఇంకా రాలితే ఇంకా పోయడం. నిద్రపోయే వేరు నీళ్లు తాగదు, కుళ్లుతుంది. నేను చూసినంతలో మా వాళ్లిళ్లలో చలికి పోయిన చెట్లకన్నా ప్రేమకు పోయినవే ఎక్కువ.

పిలకల బంధుత్వం

‘అంత అవస్థ ఎందుకు, దుకాణంలో ఆకు దొరుకుతుందిగా’ అని అడిగేవాళ్లున్నారు. దొరుకుతుంది. కానీ చెట్టు అంత తేలిగ్గా దొరకదు. కరివేపాకు నిమ్మ, నారింజ కుటుంబానిది. ఆసియా నిమ్మ సిల్లిడ్ అనే పేనంత పురుగు దీన్ని మహా ఇష్టంగా తింటుంది. ఆ పురుగు మోసుకొచ్చే తెగులు నారింజ తోటల్ని నిలువునా తినేస్తుంది. ఫ్లోరిడాలో పురుగు 1998లో కనిపించింది, తెగులు 2005లో. అప్పట్నుంచీ కరివేపాకు మొక్క కదలికల మీద కట్టడి ఉంది. ఇండియా నుంచి బ్యాగులో పచ్చి రెమ్మ తెచ్చినా విమానాశ్రయంలో చెత్తబుట్ట పాలే. అమ్మ చీర మడతల్లో దాచి పంపిన రెమ్మల్ని కుక్కపిల్ల ఒకటి వాసన పట్టి, నా ముందు బుద్ధిగా కూర్చుండిపోయిన రోజు నాకింకా సిగ్గే.

అందుకే ఇక్కడ కరివేపాకు పిలకల మీదే బతుకుతుంది. పెద్దచెట్టు వేళ్లలోంచి లేచిన పిలకను వేరుతో సహా తవ్వి, పెరుగు డబ్బా అడుగున చిల్లులు పొడిచి, అందులో నాటి ఇస్తారు. డబ్బాలు ఎందుకు దాస్తున్నామో ఇప్పుడు అర్థమైందా? మనవాళ్లలో గిన్నె ఖాళీగా తిరిగివ్వడం లేదు కాబట్టి, కూర తెచ్చిన డబ్బాలో పిలక పోతుంది, పిలక పోయిన ఇంటి నుంచి ఇంకో డబ్బాలో తులసి నారు వస్తుంది. ఇలా వచ్చిన మొక్క పారేద్దామంటే పారేసేది కాదు. ఇచ్చినావిడ సంక్రాంతి పేరంటానికొచ్చి, పసుపు బొట్టు అందుకుంటూనే కళ్లతో గది అంతా వెతుకుతుంది: ‘మా పిలక ఏదీ?’

ఇంట్లో పేరుకున్న సామానులో సగం వస్తువులు కావు, ఎవరికో చెప్పుకోవాల్సిన జవాబులు. వాటిని పారేసే పద్ధతులు నేర్పే పుస్తకాలు నేనూ చదివాను. ఆ రాసినవాళ్లెవరికీ పేరంటం బాధ్యతలు ఉన్నట్టు లేవు.

అన్నట్టు, ఈ చెట్టు శాస్త్రీయ నామం చివర ఉన్న ‘కొయినిగీ’ ఒక మనిషి పేరు. యోహాన్ గెర్హార్డ్ కొయినిగ్, లిన్నేయస్ శిష్యుడు. బాల్టిక్ చలిలో పుట్టి, 1768లో డేనిష్ మిషనరీలకు వైద్యుడిగా తరంగంబాడికి వచ్చి, మొక్కలు వెతుక్కుంటూ తిరిగి తిరిగి, 1785లో మన కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. అలా చలిదేశపు మనిషి పేరు పెట్టుకున్న చెట్టు మా ఇంట్లో ఫర్నేస్ పక్కన వణుకుతోంది.

లారీలూ మంచాలూ

రెండేళ్ల కిందట మా అత్తయ్య శీతాకాలం మా దగ్గర గడిపారు. ఆవిడది కడియం దగ్గర. దేశం నలుమూలలకూ లారీల్లో మొక్కలు పోయే ఊళ్ల మధ్య పెరిగిన మనిషి. గెస్ట్‌రూమ్ మంచం మీద ప్లాస్టిక్ పరిచి పెట్టిన ఆరు కుండీలు చూసి, ‘మేం లారీలకెత్తే మొక్కల్ని మీరు మంచాలకెత్తారటే’ అన్నారు. మంచం ఖాళీ చేశాం. ఆ ఆరూ బేస్‌మెంట్‌లోకి పోవాలంటే బొమ్మల పెట్టెలు జరగాలి, పెట్టెలు జరగాలంటే ట్రెడ్‌మిల్ జరగాలి. గారేజీలోకి తోశాం. కారు బయటికొచ్చింది. ఆ చలికాలమంతా మావారు తెల్లారి లేచి అద్దం మీది మంచు గీకుతూ మా అత్తయ్య కిటికీ వైపు చూసేవారు, ఏమీ అనేవారు కాదు.

‘ఇన్నెందుకమ్మా, రెండుంచుకుని తక్కినవి ఇచ్చెయ్’ అని రోజూ చెప్పిన ఆవిడే, వెళ్లేనాటికి దుకాణం ప్లాస్టిక్ సంచులు నూట యాభై, కొలిచినట్టు మడతపెట్టి, నా పోపుల అర నింపి వెళ్లారు.

మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయని చెప్పి మావారిని ఒప్పించాలని చూశాను. నాసా వాళ్ల 1989 పరిశోధన నా ఆయుధం. ఆయన వెతికి తీశారు: అది గాలి చొరబడని పెట్టెల్లో చేసిన పరీక్ష. 2019లో అలాంటివన్నీ మళ్లీ లెక్కగట్టి చూస్తే, మామూలు ఇంటి గాలి మార్పిడితో సమానం కావాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేలిందట. ‘అయితే ఇంకొన్ని తెద్దామా?’ అన్నాను. నవ్వలేదు.

ఫ్రాన్సు రాజుకూ తప్పలేదని ఇంకో వాదం. వెర్సాయ్‌లో 1684, 1686 మధ్య కట్టిన నారింజశాల ఉన్నదే దీనికోసం. పెట్టెల్లో పెంచిన వెయ్యికి పైగా చెట్లు అక్టోబరులో లోపలికి, మే నెలలో బయటికి, ఇప్పటికీ. అయితే ఆ శాల పొడవు 150 మీటర్లకు పైనే. దానికీ కిటికీలు దక్షిణానికే.

కార్తీక మాసం సరిగ్గా మొక్కలు లోపలికొచ్చిన రోజుల్లోనే వస్తుంది. క్షీరాబ్ది ద్వాదశికి తులసి కోట పెరట్లో ఉండదు, అద్దాల తలుపు ముందు సూట్‌కేస్ మీద ఉంటుంది. పైన పట్టుబట్ట కప్పుతాను కనుక అది సూట్‌కేసని దేవుడికీ నాకూ తప్ప తెలియదు. తులసి అప్పటికే సగం ఆకు రాల్చి, విత్తనానికి వచ్చి ఉంటుంది. హారతి పొగకు పైన అలారం మోగకుండా ఒకరు అట్టముక్కతో విసురుతుంటారు. వనభోజనాలకు వేరే ఎక్కడికో వెళ్లక్కర్లేదు. విస్తరి వేసుకుని ఎటు కూర్చున్నా వనమే.

మైనస్ ముప్ఫై ఒకటి

2019 జనవరి 30. ఓహేర్ విమానాశ్రయంలో ఆ పొద్దున నమోదైంది మైనస్ 23 ఫారన్‌హీట్, మన లెక్కలో మైనస్ 31. బడులు మూసేశారు. ఫర్నేస్ ఆగకుండా తిరుగుతున్నా అద్దాల తలుపు లోపలి అంచున మంచు పేరుకుంది. వెలుగుకోసం అద్దానికి ఆనించి పెట్టిన మల్లె ఆకులు, గాజును తాకినవి తాకినట్టు, ఉడికించిన తోటకూరలా నల్లబడ్డాయి.

ఆ రాత్రి బేస్‌మెంట్‌లోంచి అగ్నిపర్వతం వచ్చింది. దాని వెనకే సౌర కుటుంబం. మూడు మడతల అట్టలు విప్పి అద్దానికీ ఆకులకీ మధ్య వరసగా నిలబెట్టాం. కింద సందుల్లో ఖాళీ బియ్యం సంచులు కుక్కాం. గాలి వచ్చే మూలన సూట్‌కేసులు నిలువునా. పొద్దున్నే అట్టలు తీయడం, చీకటి పడగానే పెట్టడం, మూడు రోజులు మా చిన్నాడి డ్యూటీ. బృహస్పతి గ్రహం నీడలో కరివేపాకు దక్కింది. మల్లె సగం దక్కింది.

అది నా వాదానికి పెద్ద బలం కావాల్సింది. కానీ నిజం చెప్పాలంటే ఆ అట్టలు పనికొచ్చింది పదేళ్లలో మూడు రాత్రులు. తక్కిన రోజులన్నీ చోటు తిన్నాయి.

అందుకే కిందటేడు మాత్రం కిటికీ మాట విన్నాను. కుండీకి అడుగు చొప్పున ఎనిమిదడుగులకు ఎనిమిది కుండీలు. తక్కిన పదిహేనూ సెప్టెంబరులోనే పంచిపెట్టాను. ఎండాకాలం మొక్కల్ని వదులుకోవడం తేలిక, ఫ్రాస్ట్ రాత్రి కష్టం. ఆ ఎనిమిదికీ వెలుగు నిండా అందింది. ఫిబ్రవరిలో ఎప్పుడూ మోడుగా నిలబడే కరివేపాకు ఈసారి పోపులోకి నాలుగు రెమ్మలు ఇచ్చింది. మావారి కారు గారేజీలోకి వెళ్లింది.

మే రెండో ఆదివారం, ఇక ఫ్రాస్ట్ భయం లేదనుకున్నాక, ఎనిమిదింటినీ బయట పెట్టాను. ఒక్కసారే ఎండలో పెడితే ఆకు మాడుతుందని ముందు వారం నీడలో ఉంచాను. ఆ సాయంత్రమే పంచిపెట్టిన పదిహేనులో పదకొండు తిరిగొచ్చాయి, కొత్త పిలకలు నాలుగు వేసుకుని, పెరుగు డబ్బాల్లో. ‘నీ మొక్కలు నీకు జాగ్రత్తగా అప్పజెప్పాం వదినా’ అన్నారు.

లోపల ఎనిమిదడుగుల కిటికీ ఖాళీగా మెరిసిపోతూ ఉంది. నేలంతా తుడిచి, కుండీల మరకలు గీకి, అక్కడో కుర్చీ వేసుకుని కూర్చోవాలనుకున్నాను. బుధవారానికల్లా అక్కడ ఇస్త్రీ చేయాల్సిన బట్టల బుట్ట ఉంది. దాని పక్కన ట్రెడ్‌మిల్.